మూడంతస్తుల ఆటలో రెండో చెయ్యి

నర్సు సిస్టర్ పళ్ళెం తీసుకెళ్ళడానికి వచ్చింది. సూపు సగం మిగిలింది. రొట్టె మాత్రం లేదు.

"రొట్టె తిన్నారా, మళ్ళీ బొమ్మలు చేశారా?" అంది.

"తింటాను సిస్టర్. ఓడినవాటిని తింటాను" అన్నాడు బోగుమిల్.

అతని మంచం పక్కన బల్ల మీద మూడు చెక్కపలకలు ఒకదాని పైన ఒకటి, నాలుగు పుల్లల మీద నిలబడి ఉన్నాయి. ఒక్కో పలక మీద తొమ్మిది గళ్ళు గీసి ఉన్నాయి. గళ్ళలో ఎండిన రొట్టె ఉండలున్నాయి, కొన్ని తెల్లరొట్టెవి, కొన్ని నల్లరొట్టెవి. అతన్ని చూడడానికి వచ్చి మంచం పక్కన కూర్చున్న హాల్ష్కా ఆ ఆటను చిన్నప్పుడే చూసింది. వాడ సాంస్కృతిక భవనంలో బోగుమిల్ పిల్లలకు చదరంగం నేర్పేవాడు. చదరంగంలో ఎవరైనా ఏడిస్తే ఈ పలకలు బయటికి తీసేవాడు. ఆట పేరు ప్రిచా. జైలు మంచాన్ని అలా అంటారు.

అది జైలు గదిలోనే పుట్టింది. సైనిక పాలన వచ్చిన శీతకాలంలో బోగుమిల్‌నూ అతని స్నేహితుడు విట్‌నూ ఒకే గదిలో పెట్టారు. అక్కడ మంచాలు మూడంతస్తులవి. నిద్రపట్టని మనిషి వాటిని చూస్తూ కనిపెట్టిన ఆట అది. పావు కింది పలక మీద ప్రవేశిస్తుంది. పక్కకు జరుగుతుంది, లేదా ఒక అంతస్తు పైకెక్కుతుంది. మూడు పావుల్ని ముందుగా పై పలకకు చేర్చినవాడు గెలుస్తాడు. ఇంకొక్కటే నియమం. తన నెత్తి మీద, సరిగ్గా పై గడిలో, ఎదుటివాడి పావు ఉంటే కింది పావు కదలకూడదు.

"నీ కంప్యూటర్ మిషన్‌కి నేర్పావా?" అని అడిగాడు బోగుమిల్.

"నేర్పుతున్నాను మాస్టారూ. ఇప్పటిదాకా దానికి బల్లపరుపు బోర్డులే తెలుసు. మూడంతస్తులు ఇప్పుడే పెట్టాం. మొదటి పరీక్ష మీ ఆటే."

"నా ఆటే ఎందుకు? జాలా?"

"జాలి కాదు. మీది చిన్నది. ఇరవై ఏడు గళ్ళు. మిషన్ మొత్తం చివరిదాకా చూడగలదు."

అతను దిండు మీద కొంచెం పైకి జరిగాడు. అందుకు కాస్త సమయం పట్టింది.

"చివరిదాకా అంటే?"

"ఇద్దరూ తప్పు చెయ్యకుండా ఆడితే ఎవరు గెలుస్తారో చెప్తుంది."

బోగుమిల్ గోడ వైపు చూశాడు. అప్పుడు చెప్పాడు. హాల్ష్కాకు సగం తెలిసిన కథే. గదిలో దాచిన రేడియో కాపలావాళ్ళకు దొరికింది. అది బోగుమిల్‌దీ విట్‌దీ, ఇద్దరిదీ. ఎవరో ఒకరు సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే గదిలో అందరికీ ఇంటివాళ్ళ రాక ఆపేస్తామన్నారు. ఇద్దరూ పోనక్కర్లేదు, ఒకడు చాలు. ఓడినవాడు ఒప్పుకోవాలని ఒక్క ఆట ఆడారు. విట్ ఓడాడు. అతన్ని శిక్ష గదికి తీసుకెళ్ళారు. అక్కడ చలికాచుకునే పొయ్యి లేదు. నిమోనియాతో ఆస్పత్రికి వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఇంత వరకూ ఆమెకు తెలుసు.

"మొదటి చెయ్యి, అదే ముందు ఆడే వంతు, వాడికిచ్చాను" అన్నాడు బోగుమిల్. "చదరంగంలో మొదటివాడిదే పైచెయ్యి కదా, వాడికే మంచిదని ఇచ్చాను. అలా అనుకునే ఇచ్చాను. తర్వాత ఇంట్లో ఒంటరిగా ఆడుతుంటే అనుమానం పట్టుకుంది. రెండోవాడు చూసి ఆడతాడు. మొదటివాడు ఎక్కడ పెడితే అక్కడ నెత్తి మీద ఎక్కి కూర్చోవచ్చు. ఆట కనిపెట్టింది నేనే కదమ్మా. నా బుర్రకి తెలీకపోయినా నా చేతికి తెలుసేమో. తెలిసే రెండో చెయ్యి తీసుకున్నానేమో."

"ఆయన బాగా ఆడేవారా?"

"నాకన్నా బాగా. పదాటల్లో ఏడు వాడివే. అది కాదు నేనడిగేది. మొదటివాడు గెలిచే ఆటా, రెండోవాడు గెలిచే ఆటా, అంతే. నాకు మెత్తగా చెప్పకు. ఉన్నది చెప్పు."

"చెప్తాను."

"తొందరగా చెప్పు. నేను ఎల్లకాలం ఉండను" అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గులో పడింది.

*

హాల్ష్కా పనిచేసేది నది అవతల, పెరట్లోంచి మెట్లెక్కి వెళ్ళే రెండు గదుల ఆఫీసులో. వాళ్ళు తయారుచేసే ప్రోగ్రాం పేరు గ్రాచ్. ఏ ఆటైనా సరే, నియమాలు రాసిస్తే చదువుకుని ఆడుతుంది. నియమాలు రాసేదీ, అవి సరిగ్గా అమలవుతున్నాయా అని పరీక్షించేదీ హాల్ష్కా. లోపలి యంత్రాంగం రాసేది సెవెరిన్.

"ప్రిచా ఎంతవరకొచ్చింది?" అన్నాడు సెవెరిన్, కుర్చీలోంచి లేవకుండా.

"మొదటివాడి ఎత్తులు చూస్తున్నా. ప్రతి గడిలో పావు పెట్టి, నెత్తి మీద శత్రువుంటే కదలకుండా ఉందా లేదా అని."

"ఉందా?"

"ఉంది. ఇరవై ఏడు గళ్ళూ చూశా. కింది పలకా మధ్య పలకా సరిగ్గా ఆగుతున్నాయి. పై పలకకి పైన ఎవరూ ఉండరు కాబట్టి ఆగదు."

"అయితే అయిపోయినట్టే. రెండోవాడిది తిప్పితే వచ్చేస్తుంది."

అది వాళ్ళ అలవాటు. ఆటలో ఇద్దరికీ నియమాలు ఒకటే. బోర్డు అవతలి వైపు కూర్చున్నవాడికి బోర్డు సగం తిరిగి కనిపిస్తుంది, అంతే తేడా. గళ్ళను చివరి నుంచి మొదటికి చదివితే బోర్డు తిరిగినట్టే. అందుకని మొదటివాడి వైపు మాత్రం చేత్తో పరీక్షిస్తారు. రెండోవాడి వైపు ప్రోగ్రామే తిప్పి చూసుకుంటుంది. వాళ్ళు రాసిన ఆటలన్నీ అలాగే పరీక్షించారు. చదరంగం, చెకర్స్, ఆఫ్రికా గుంటల ఆటలు, ఒక్కటీ తప్పలేదు.

"రెండోవాడిది కూడా చేత్తో చూడనా?" అంది హాల్ష్కా.

"చూడు. పళ్ళు తోముకున్నాక ఇంకోసారి తోముకో. నాకేం?"

ఆమె చూడలేదు. చివరి రోజుల రోగులుండే ఆ హాస్పిస్ నుంచి ఫోన్ వచ్చింది, బోగుమిల్‌కు ఊపిరి కష్టంగా ఉందని. ఆ మధ్యాహ్నమే గ్రాచ్‌ను నడిపించింది. మర్నాటికి జవాబు వచ్చింది. మొదటివాడు ఏం ఆడినా రెండోవాడు గెలుస్తాడు.

హాల్ష్కా తెర ముందు కాసేపు కూర్చుంది. ఇంకా పూర్తి కాలేదని చెప్పవచ్చు. అలా చెప్తే మాస్టారు జవాబు వినకుండానే పోతారు. ఆ ఆలోచన రెండుసార్లు వచ్చింది. మెత్తగా చెప్పకు అన్నారు కదా అనుకుని కోటు వేసుకుంది.

*

"రెండోవాడు మాస్టారూ" అంది.

బోగుమిల్ ముక్కుకు గొట్టం పెట్టి ఉంది. చేతిలో నల్లరొట్టె ఉండ ఉంది.

"అన్ని రకాలుగానూ చూసిందా?"

"అన్నీ."

"నువ్వు చేత్తో ఆడావా?"

"అక్కర్లేదు మాస్టారూ. అది చూసినన్ని ఆటలు మనుషులు ఆడలేరు."

"తల వంచి, పలక పక్కనించి చూస్తే గానీ ఈ ఆట కనపడదు."

"దానికి పక్కా పైనా ఒకటే. అన్నీ కనపడతాయి."

"సరే" అన్నాడు. రొట్టె ఉండను పలక మీద పెట్టబోయాడు. అది జారి మంచం కింద పడింది. హాల్ష్కా వంగి తీసింది. అతను దాన్ని తిరిగి తీసుకోలేదు.

"ఇర్మినాకి ఫోన్ చేసి ఇవ్వు" అన్నాడు.

ఇర్మినా విట్ కూతురు. తండ్రి పోయేనాటికి ఆమెకు మాటలు పూర్తిగా రాలేదు. బోగుమిల్ బయటికొచ్చిన వారం నుంచి ఆ ఇంటికి బొగ్గు మోశాడు, నీళ్ళ గొట్టాలు బాగుచేశాడు, పిల్లకు సైకిల్ నేర్పాడు, ఆమె పెళ్ళికి సాక్షి సంతకం పెట్టాడు. ఇప్పుడామె ట్రాం నడుపుతుంది. డ్యూటీ దిగి యూనిఫాం తోనే వచ్చింది. చేతిలో కమలాపళ్ళ సంచి ఉంది.

"ఏంటి బాబాయ్, అంత అర్జంటుగా పిలిచావ్? సిస్టర్‌తో పెళ్ళి కుదిరిందా?"

"కూర్చో తల్లీ."

హాల్ష్కా లేచి బయటికి వెళ్ళబోయింది. "నువ్వుండు, లెక్క నీది" అన్నాడు బోగుమిల్. ఆమె తలుపు దగ్గర నిలబడింది. అతను ఆగి ఆగి చెప్పాడు. ఒకే ఆట ఆడిన సంగతి ఇర్మినాకు తెలుసు. చీట్లు వేసుకున్నట్టు సమానంగా ఆడారని తెలుసు. ఆ ఆట సమానం కాదని ఇప్పుడు విన్నది.

"అంటే నీకు తెలుసా?" అంది.

"తెలీదనుకున్నాను. చేతికి తెలుసేమో."

"చెయ్యి ఎవరిది బాబాయ్?"

అతను పలకల వంక చూశాడు.

"అమ్మ నీకు టీ పెట్టేది. వచ్చినప్పుడల్లా. చక్కెర లేని రోజుల్లో కూడా నీ కోసం దాచి మరీ వేసేది. ఆ టీ ఎలా దిగింది నీకు?"

"తల్లీ..."

"తల్లీ అనకు. ఇంకెప్పుడూ అలా పిలవకు నన్ను."

ఆమె హాల్ష్కా పక్కనుంచి బయటికి నడిచింది. కమలాపళ్ళు కుర్చీలోనే ఉండిపోయాయి. బోగుమిల్ ఆ సంచి వంక చూసి, "సిస్టర్‌కి ఇచ్చెయ్" అన్నాడు.

అతను ఆ వారంలోనే పోయాడు. ఇర్మినాకు హాస్పిస్ వాళ్ళు ఫోన్ చేశారు. ఎత్తలేదు. అంత్యక్రియలకు సాంస్కృతిక భవనంలోని ముసలివాళ్ళు నలుగురు, సిస్టర్, హాల్ష్కా వెళ్ళారు. మట్టి గడ్డకట్టి ఉండటంతో తవ్వేవాళ్ళు గునపాలు వాడారు. హాల్ష్కా గేటు వైపు చూస్తూ నిలబడింది. ఎవరూ రాలేదు. బోగుమిల్‌కు దగ్గరి బంధువులు లేరు కాబట్టి చెక్కపలకలనూ రొట్టె ఉండల డబ్బానూ సిస్టర్ ఆమె చేతికిచ్చింది.

*

మంచు కరుగుతున్న రోజుల్లో ఇర్మినా ఆఫీసుకొచ్చింది. మెట్లెక్కి వచ్చినందుకు ఆయాసపడుతోంది.

"నాకు చూపించు" అంది.

"ఏం చూపించను?"

"ఎలా ఓడిపోతాడో. మా నాన్న కూర్చున్న చోట నేను కూర్చుంటా. నీ మిషన్‌ని బాబాయ్..." అని ఆగి, "అతని చోట కూర్చోబెట్టు. ఏం ఆడినా ఓడతానన్నావుగా. ఓడించు."

సెవెరిన్ తెర వెనక నుంచి తల ఎత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు. హాల్ష్కా చెక్కపలకలు తెచ్చి బల్ల మీద నిలబెట్టింది. తెల్లరొట్టె ఇర్మినాది. నల్లరొట్టె గ్రాచ్‌ది. తెర మీద వచ్చిన ఎత్తును హాల్ష్కా పలకల మీద జరుపుతుంది.

ఇర్మినాకు ఆట బాగానే వచ్చు. తల వంచి, గడ్డం బల్లకు ఆన్చి, పలకల మధ్యలోంచి చూసి ఆడింది. చిన్నప్పుడు అలా చూడమని నేర్పింది బోగుమిల్. ఒక పావును మధ్య పలకకు ఎక్కించి, కింద ఉన్న నల్ల పావు నెత్తి మీద కూర్చోబెట్టింది.

"పడుకో అక్కడే" అంది నల్ల పావుతో.

గ్రాచ్ ఎత్తు తెర మీద పడింది. హాల్ష్కా చెయ్యి నల్ల పావు దాకా వెళ్ళి ఆగింది. రెండు వేళ్ళు పలకల సందులో ఉన్నాయి. తెరను మళ్ళీ చూసింది. చెప్పిన గడి అదే. కదపమన్నది ఆ పావునే.

"జరుపు" అంది ఇర్మినా.

హాల్ష్కా జరపలేదు.

"ఏంటి, ఏ పావు?" ఇర్మినా తెర వైపు వంగింది. గళ్ళు లెక్కపెట్టుకుంది. "ఇదా? ఇది కదలకూడదుగా. పైన నాది ఉంది. నెత్తి మీద శత్రువు పడుకుంటే కిందివాడు లేవకూడదు. అదే కదా ఆటంతా!"

"సెవెరిన్, ఇలా రా" అంది హాల్ష్కా.

అతను వచ్చి చూశాడు. రెండోవాడి పావును ఒక్కో గడిలో పెట్టించి పరీక్షించాడు. పైన శత్రువుంటే కదులుతోంది. కింద శత్రువుంటే ఆగిపోతోంది.

"తిప్పడం..." అన్నాడు సెవెరిన్. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చివరి నుంచి మొదటికి చదివాం. బల్లపరుపు బోర్డయితే సగం తిరుగుతుంది. అంతస్తులుంటే పై పలక కిందికొస్తుంది, కింది పలక పైకెళ్తుంది. రెండోవాడికి పైన అంటే కింద అయింది."

"మరి పైకెక్కడం సరిగ్గానే ఎక్కుతోందిగా?" అంది హాల్ష్కా.

"ఎక్కడానికి నువ్వు అంతస్తు నంబరు రాశావు. నంబరు తిరగదు. నెత్తి మీద అనేదానికి దిక్కు రాశావు. దిక్కు తిరుగుతుంది. మొదటివాడి వైపు చూస్తే ఎప్పటికీ దొరకదు ఇది."

"నేను మొదటివాడి వైపే చూశాను."

"మనం ఎప్పుడూ అంతేగా."

ఇర్మినా ఇద్దరినీ చూసింది. "నాకర్థమయ్యేట్టు చెప్పండి. మీ మిషన్ ఆడింది ఈ ఆట కాదా?"

"కాదు" అంది హాల్ష్కా.

"అయితే అతనికి చెప్పింది?"

"తప్పు."

ఇర్మినా లేవలేదు, అరవలేదు. కోటు బొత్తాం ఒకటి పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. "మళ్ళీ నడిపించు" అని వెళ్ళిపోయింది. మెట్ల మీద ఆమె అడుగులు చాలాసేపు వినపడ్డాయి, మధ్యలో ఒకచోట ఆగాయి, మళ్ళీ మొదలయ్యాయి.

సెవెరిన్ సరిచేసింది ఒక్క వాక్యం. "చూడు, ఇంతే" అని చూపించబోయి ఊరుకున్నాడు. హాల్ష్కా ఈసారి రెండోవాడి వైపు ఇరవై ఏడు గళ్ళూ చేత్తో చూసింది. చెక్కపలకల మీద ఉండ పెట్టడం, తెర మీద చూడటం, తీయడం. ఒక తెల్లరొట్టె ఉండ వేళ్ళ మధ్య పొడి అయింది. ఆ పొడిని కాగితంలోకి ఎత్తి పక్కన పెట్టింది, పారెయ్యలేదు. అప్పుడు గ్రాచ్‌ను నడిపించింది.

*

ట్రాం ఆఖరి స్టాపులో డ్రైవర్లకు చిన్న గది ఉంది. ఇర్మినా బయట బెంచీ మీద కూర్చుని ఫ్లాస్కులోంచి టీ తాగుతోంది. హాల్ష్కాను చూసి పక్కకు జరిగింది. హాల్ష్కా కూర్చోలేదు.

"మొదటివాడు" అంది. "తప్పు చెయ్యకుండా ఆడితే మొదటివాడే గెలుస్తాడు. రెండోవాడు ఏం ఆడినా సరే."

"ఈసారి చేత్తో ఆడావా?"

"రెండు వైపులా."

ఇర్మినా ఫ్లాస్కు మూత బిగించింది.

"అంటే బాబాయ్ మంచి చెయ్యే ఇచ్చాడు నాన్నకి."

"అవును."

"నాన్న గెలవాల్సిన ఆట."

"అవును. కానీ ఒక్క తప్పు ఎత్తు చాలు. అప్పుడు ఎవరైనా..."

"పదాటల్లో ఏడు నాన్న గెలిచేవాడు. బాబాయే చెప్పేవాడు, నాకు చదరంగం నేర్పేటప్పుడు. నీకు మీ నాన్న బుర్ర వచ్చింది, నా దగ్గర నేర్చుకుని పాడుచేసుకోకు అనేవాడు." ఆమె పట్టాల వైపు చూసింది. "అలాంటివాడు మంచి చెయ్యి దొరికీ ఆ ఒక్క ఆట ఓడాడు. పొరపాటున ఓడాడా, ఓడదామని ఓడాడా? మీ మిషన్ అది చెప్పదా?"

"చెప్పదు. సరిగ్గా ఆడితే ఏమవుతుందో చెప్తుంది, అంతే. ఆ రోజు మనిషి అలా ఎందుకు ఆడాడో దానికి తెలీదు."

"బాబాయ్‌కి తెలిసుండేది. ఆ ఆట ఆయనకు ఎత్తు ఎత్తూ గుర్తు. మొదటి చెయ్యే మంచిదని నువ్వు చెప్పుంటే, ఎక్కడ తప్పిందో ఆయనే చూసుకునేవాడు. నాకు చెప్పేవాడు."

హాల్ష్కా క్షమించమని అడగడానికి వచ్చింది. ఆ మాట నోటిదాకా వచ్చి, ఇక్కడ అడగాల్సింది ఈమెను కాదని తోచి, ఆగిపోయింది.

"నేను వెళ్ళలేదు" అంది ఇర్మినా. "ఫోన్ మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఎవరు చేస్తున్నారో తెలుసు."

ట్రాంలోకి ఇద్దరు ముగ్గురు ఎక్కుతున్నారు. ఒక ముసలావిడ అద్దం మీద వేలితో కొట్టి గడియారం చూపించింది. ఇర్మినా లేచి కప్పులో మిగిలిన టీ నేల మీద పారబోసింది.

"ఎక్కడ పెట్టారాయన్ని?"

హాల్ష్కా చెప్పింది. ఊరి చివర కొత్త శ్మశానం, చెక్క శిలువ, ఇంకా పేరు పలక వెయ్యలేదు, పంపు పక్కన మూడో వరస.

"అటు ట్రాం పోదు."

"బస్సుంది. స్టేషన్ దగ్గర ఎక్కాలి."

"గేటు ఎప్పుడు మూస్తారు?"

"చీకటి పడేలోపు."

ఇర్మినా ట్రాంలో తన డ్రైవరు గదిలోకి ఎక్కింది. అద్దంలోంచి ఆకాశం చూసింది. వీధి దీపాలు అప్పటికే వెలుగుతున్నాయి.

"అయితే ఇవాళ కుదరదు" అని తలుపులు మూసింది.